డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోని పాత గేమ్‌ని ఆడించడం ఎలా?

“చిన్నప్పుడు ఆడిన గేమ్ మళ్ళీ దొరికింది. డబుల్ క్లిక్ చేస్తే ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అంటోంది. ఏం చేయాలి?” ఈ ప్రశ్నకు ఎంతమందికి జవాబు చెప్పానో లెక్కలేదు. గేమ్ పేరు మారుతుందే తప్ప కథ అదే. అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందే ఒక హెచ్చరిక. ఈ పనిలో చాలామందికి సమయం పోయేది తప్పు దారి పట్టడం వల్లే. డాస్ (విండోస్‌కు ముందు పీసీలను నడిపిన వ్యవస్థ) గేమ్‌ని తీసుకెళ్ళి విండోస్ కంపాటిబిలిటీ మోడ్‌లో (పాత విండోస్‌లా నటించే సెట్టింగు) పెట్టి గంటలకొద్దీ కుస్తీ పట్టేవాళ్ళున్నారు. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో అది ఎన్ని జన్మలెత్తినా నడవదు. గేమ్ ఏ కాలం నాటిదో తేలితే ఏ పనిముట్టు కావాలో దానంతటదే తేలుతుంది. కాబట్టి ఏదీ డౌన్‌లోడ్ చేయకముందే మొదటి మెట్టు చదవండి.

కావలసినవి

• గేమ్ ఫైళ్ళు. మీ పాత డిస్క్ కావచ్చు, కొన్నది కావచ్చు, హక్కుదారులే ఉచితంగా వదిలింది కావచ్చు.
• కంప్యూటర్. గత పదేళ్ళలో కొన్నది ఏదైనా సరిపోతుంది. దీనికోసం ప్రత్యేకంగా గ్రాఫిక్స్ కార్డ్ కొననక్కర్లేదు.
• మౌస్. టచ్‌ప్యాడ్‌తో పాత గేములు ఆడటం శిక్ష.
• గేమ్ మాన్యువల్, స్కాన్ కాపీ అయినా సరే. ఎందుకో కింద చెబుతాను.
• ఫోన్‌లో స్టాప్‌వాచ్. నవ్వకండి, దీనితో పని ఉంది.

గేమ్ ఎక్కడ తెచ్చుకోవాలన్న సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ‘అబాండన్‌వేర్’ (అమ్మేవాళ్ళు వదిలేసిన సాఫ్ట్‌వేర్) అనే మాట నెట్‌లో విరివిగా కనిపిస్తుంది కానీ చట్టంలో అలాంటి వర్గం లేదు. కంపెనీ మూతపడినా కాపీరైట్ ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. 2008లో ‘గుడ్ ఓల్డ్ గేమ్స్’ పేరుతో మొదలైన జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో పాత గేములు కాపీ రక్షణ తాళాలేవీ లేకుండా అమ్ముతారు. డాస్ గేమ్ అయితే దాన్ని నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాంను కూడా లోపలే పెట్టి, సెట్టింగులు సరిచేసి ఇస్తారు. మీకు కావలసిన గేమ్ అక్కడ ఉంటే, నిజం చెప్పాలంటే ఈ వ్యాసంలో సగం మీకు అవసరం లేదు. కొని, ఇన్‌స్టాల్ చేసి, ఆరో మెట్టుకు వెళ్ళిపోండి.

ఉచితంగా మొదలుపెట్టాలంటే 1994 నాటి ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ తీసుకోండి. 2003లో దాన్ని తయారుచేసినవాళ్ళే ఉచితం చేశారు, స్కమ్‌వీఎం (పాత సాహస గేములను నడిపే ప్రోగ్రాం) వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. 1993 నాటి ‘డూమ్’ మొదటి భాగం కూడా షేర్‌వేర్‌గా అందరికీ పంచుకోవడానికి వదిలిందే. మీరు వెతుకుతున్న గేమ్‌తో కాకుండా ఇలాంటి దానితో మొదట సాధన చేయండి. అది నడిచాక మీ గేమ్ నడవకపోతే, తప్పు మీది కాదని, ఆ గేమ్ ఫైళ్ళదని వెంటనే తెలుస్తుంది.

1. గేమ్ వయసు తేల్చండి

గేమ్ ఫోల్డర్ తెరిచి ఫైళ్ళ పేర్లు చూడండి.

పేర్లన్నీ ఎనిమిది అక్షరాలు మించకుండా, పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే అది దాదాపుగా డాస్ గేమే. ‘డాస్4జీడబ్ల్యూ’ అనే ఫైల్ కనిపిస్తే ఇక సందేహమే లేదు. సుమారు 1981 నుంచి 1990ల నడుమ దాకా వచ్చినవి ఈ బాపతు. 2, 3, 4 మెట్లు వీటికోసం.

లోపల ‘డైరెక్ట్‌ఎక్స్’ అనే ఫోల్డర్, సీడీ పెట్టగానే దానంతటదే తెరుచుకునే ‘ఆటోరన్’ ఫైల్ ఉంటే అది విండోస్ 95 తర్వాతి గేమ్. మీరు 2వ మెట్టు చూసి 5వ దానికి వెళ్ళండి.

రెండింటి మధ్య ఇరుక్కున్నది విండోస్ 3.1 గేమ్. ఇది 16 బిట్ ప్రోగ్రాం. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాంలను నడిపే భాగమే లేదు, విండోస్ 11కి 32 బిట్ రూపమే లేదు. ‘ఓటీవీడీఎం’ అనే చిన్న పనిముట్టుతో వీటిలో చాలావరకు నడుస్తాయి. లినక్స్ వాడేవారికి విండోస్ ప్రోగ్రాంలను నడిపే వైన్ సరిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కుముడి. 1990ల చివరి గేముల్లో కొన్నిటికి గేమ్ 32 బిట్‌దే, కానీ దాని ఇన్‌స్టాలర్ మాత్రం 16 బిట్‌ది. ఇన్‌స్టాలర్ తెరుచుకోకపోతే గేమ్ పని అయిపోయిందనుకుని వదిలేస్తారు. ఆ ఇన్‌స్టాలర్ ఒక్కదాన్ని ఓటీవీడీఎంతో నడిపి చూడండి. ఆ తర్వాత గేమ్ మామూలుగానే తెరుచుకోవచ్చు.

2. ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం) జోలికి వెళ్ళేముందు కొత్త ఇంజిన్ ఉందేమో చూడండి

చాలామంది దాటేసే మెట్టు ఇది. పేరున్న పాత గేములు చాలావాటికి అభిమానులే కొత్త ఇంజిన్లు రాశారు. అవి అసలు గేమ్‌లోని బొమ్మలు, శబ్దాలు, లెవెళ్ళు ఉన్న ఫైళ్ళను తీసుకుని, నడిపే పనంతా కొత్తగా చేస్తాయి. పెద్ద స్క్రీన్, వైర్‌లెస్ కంట్రోలర్, కొత్త విండోస్, ఏదీ అడ్డం కాదు.

• పాయింట్ చేసి క్లిక్ చేసే సాహస గేములకు స్కమ్‌వీఎం. 2001 నుంచి పెరుగుతూ వస్తోంది.
• డూమ్‌కి జీజెడ్‌డూమ్. అసలు కోడ్‌ను 1997లో బయటపెట్టడం వల్లే ఇది సాధ్యమైంది. పాత రుచి పోకూడదనుకుంటే చాక్లెట్ డూమ్.
• ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌కి ఓపెన్‌టీటీడీ. దీనికి ఉచిత బొమ్మలు కూడా ఉన్నాయి కాబట్టి అసలు గేమ్ లేకపోయినా ఆడొచ్చు.
• రోలర్‌కోస్టర్ టైకూన్ 2కి ఓపెన్‌ఆర్‌సీటీ2.
• ప్రిన్స్ ఆఫ్ పర్షియాకి ఎస్‌డీఎల్‌పాప్.

స్కమ్‌వీఎం వాడకం చెబుతాను, మిగతావీ దాదాపు ఇలాగే. గేమ్ జిప్‌ను విప్పండి. స్కమ్‌వీఎం తెరిచి ‘యాడ్ గేమ్’ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. గేమ్ పేరు, పక్కన వెర్షన్, భాష కనిపిస్తే గుర్తుపట్టినట్టే. ‘ఏమీ దొరకలేదు’ అంటే మీరు జిప్‌ను విప్పకుండా చూపిస్తున్నారు, లేదా ఒక ఫోల్డర్ పైనే ఆగిపోయారు. డేటా ఫైళ్ళు కంటికి కనిపించే ఫోల్డర్ దాకా లోపలికి వెళ్ళండి. ఆడుతుండగా సేవ్ చేయడానికి కంట్రోల్+ఎఫ్5 నొక్కితే మెనూ వస్తుంది. ఫోన్‌లో, ట్యాబ్‌లో కూడా ఇది దొరుకుతుంది. వేలితో తాకి ఆడటానికి సాహస గేముల కంటే అనువైనవి లేవు.

3. డాస్ గేమ్: డాస్‌బాక్స్‌తో

కొత్త ఇంజిన్ లేకపోతే డాస్‌బాక్స్ శరణ్యం. 2002 నుంచి ఉన్న ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్ లోపలే ఒక పాత కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. మూల డాస్‌బాక్స్‌లో ఇప్పటికీ అందరూ వాడే 0.74-3 వెర్షన్ 2019 నాటిది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను దాని శాఖ అయిన డాస్‌బాక్స్ స్టేజింగ్‌నే చెబుతాను. బొమ్మ ఆకారం, శబ్దం మొదటి నుంచే చక్కగా ఉంటాయి. డాస్‌బాక్స్ లోపల విండోస్ 95 ఎక్కించాలనే సాహసం ఉంటే డాస్‌బాక్స్ ఎక్స్ వేరే ఉంది.

ఆదేశాలు ఇక్కడ తెలుగులో రాస్తున్నా మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డ్ ఆన్‌లో ఉంటే ముందు ఇంగ్లీషుకు మార్చండి. మార్చడం మరిచిపోయి డాస్‌బాక్స్ పాడైందనుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అ) సి డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ పెట్టండి. పేరు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాల లోపు, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. డెస్క్‌టాప్ మీద, ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ లోపల పెట్టకండి. రెండోచోట విండోస్ సేవ్ ఫైళ్ళను తనకు నచ్చిన మూలకు మళ్ళిస్తుంది, తర్వాత వెతుక్కోవడం మీ వంతు.

ఆ) ఆ ఫోల్డర్ లోపల గేమ్‌కొక ఫోల్డర్ చేసి ఫైళ్ళు విప్పండి.

ఇ) డాస్‌బాక్స్ తెరవండి. ‘మౌంట్’ (ఫోల్డర్‌ను డాస్‌బాక్స్‌కు డ్రైవ్‌గా చూపే ఆదేశం) అని కొట్టి, ఖాళీ వదిలి, సి అక్షరం, మళ్ళీ ఖాళీ, ఆ తర్వాత మీ ఫోల్డర్ పూర్తి చిరునామా కొట్టి ఎంటర్ నొక్కండి. సి డ్రైవ్ మౌంట్ అయిందని జవాబు రావాలి. గేమ్స్ ఫోల్డర్‌నే చూపించండి. మొత్తం సి డ్రైవ్‌ను మౌంట్ చేస్తే డాస్‌బాక్స్ వద్దని హెచ్చరిస్తుంది. ఆ మాట వినండి.

ఈ) సి, కోలన్ కొట్టి ఎంటర్. తర్వాత ‘సీడీ’ (ఫోల్డర్ మారే ఆదేశం), ఖాళీ, గేమ్ ఫోల్డర్ పేరు. ఏమేం ఉన్నాయో చూడాలంటే ‘డిఐఆర్’.

ఉ) ఈఎక్స్ఈ, కామ్, బ్యాట్ అని ముగిసే ఫైళ్ళలో గేమ్ పేరును పోలినది కొట్టండి. బ్యాట్ ఫైల్ ఉంటే ముందు అదే ప్రయత్నించండి. గేమ్‌కి కావలసిన సరంజామా చాలాసార్లు దానిలోనే రాసి ఉంటుంది.

ఇదంతా కొట్టే ఓపిక లేకపోతే, 0.74లో గేమ్ ఫైల్‌ను లాగి డాస్‌బాక్స్ షార్ట్‌కట్ మీద వదిలినా మౌంట్ చేసి తెరిచేస్తుంది. కోలన్ కొడితే ఇంకేదో అక్షరం వస్తోందంటే మీ కీబోర్డ్ అమరిక అమెరికా పద్ధతిది కాదన్నమాట. అప్పుడు కూడా ఈ లాగి వదిలే దారే సుఖం.

ఇక గుర్తుంచుకోవలసిన కీలు నాలుగే. ఆల్ట్+ఎంటర్ స్క్రీన్ నిండా చూపడానికి, కంట్రోల్+ఎఫ్10 ఇరుక్కున్న మౌస్‌ని విడిపించడానికి, కంట్రోల్+ఎఫ్9 ఉన్నపళాన మూసేయడానికి, కంట్రోల్+ఎఫ్4 మీరు బయటినుంచి ఫోల్డర్‌లో ఫైళ్ళు కొత్తగా వేస్తే వాటిని చూపించడానికి. ల్యాప్‌టాప్‌లో ఇవి పనిచేయకపోతే ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కండి.

4. వేగం, శబ్దం, సీడీ

డాస్ గేముల్లో నూటికి తొంభై ఫిర్యాదులు ఈ మూడింటి దగ్గరే.

*వేగం.* 1980ల గేములు చాలావరకు ప్రాసెసర్ ఎంత వేగంగా పరిగెడితే అంత వేగంగా నడిచేలా రాశారు. ఆ రోజుల్లో పీసీ పెట్టె మీద ఉండే ‘టర్బో’ బటన్ నిజానికి వేగం తగ్గించడానికే పనికొచ్చేది. డాస్‌బాక్స్‌లో ఆ పని ‘సైకిల్స్’ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే అంకె) చేస్తుంది. కంట్రోల్+ఎఫ్11 తగ్గిస్తుంది, కంట్రోల్+ఎఫ్12 పెంచుతుంది. ఉజ్జాయింపుగా మొదటితరం పీసీకి 300, 286 ప్రాసెసర్‌కి 1,500 నుంచి 3,000, 386కి 6,000, 486కి 20,000 పైచిలుకు అనుకోండి. ఇవి కొండ గుర్తులే, గేమ్‌ని బట్టి మారతాయి.

పరీక్ష ఎలా? తెర మీద గడియారం ఉన్న గేమ్ అయితే స్టాప్‌వాచ్ పక్కన పెట్టండి. ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో రాకుమారిని కాపాడటానికి 60 నిమిషాలు. స్పేస్ నొక్కితే ఎన్ని మిగిలాయో చూపిస్తుంది. అక్కడ ఐదు నిమిషాలు తగ్గేసరికి మీ ఫోన్‌లో మూడే గడిస్తే సైకిల్స్ ఎక్కువైనట్టు. గడియారం లేని గేమ్‌లో చెవిని నమ్మండి. సంగీతం సరిగ్గానే ఉండి మనిషి మాత్రం పిచ్చిపట్టినట్టు పరిగెడుతుంటే తగ్గించండి. శబ్దం తెగి తెగి వస్తుంటే రెండు కారణాల్లో ఒకటి: గేమ్‌కి చాలినన్ని సైకిల్స్ లేవు, లేదా మీ మెషీన్ మోయలేనన్ని పెట్టారు. కొంచెం అటూ ఇటూ మార్చి చూడండి.

‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని వచ్చి ఆగిపోతే అదీ వేగం జబ్బే. టర్బో పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ పనిముట్టుతో రాసిన కొన్ని ప్రోగ్రాంలు మొదలవుతూనే ప్రాసెసర్ వేగం కొలుచుకుంటాయి. ఊహించినదానికంటే వేగం ఎక్కువైతే లెక్క తప్పి పడిపోతాయి. సైకిల్స్ బాగా తగ్గించి తెరిచి, తెరుచుకున్నాక పెంచుకోండి.

*శబ్దం.* గేమ్ ఫోల్డర్‌లో ‘సెటప్’ లేదా ‘సెట్‌సౌండ్’ అనే ఫైల్ ఉంటుంది. దాన్ని డాస్‌బాక్స్‌లోనే నడపండి. కార్డ్ సౌండ్ బ్లాస్టర్ 16, అడ్రస్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1. డాస్‌బాక్స్ మామూలుగా చూపించే అంకెలు ఇవే. జాబితాలో 16 లేకపోతే సౌండ్ బ్లాస్టర్ ప్రో, అదీ లేకపోతే యాడ్‌లిబ్. చాలా సెటప్‌లలో సంగీతానికి ఒకసారి, చప్పుళ్ళకు ఒకసారి విడివిడిగా ఎంచుకోవాలి. ఒకటే ఎంచుకుని బయటికొచ్చేసి ‘తుపాకీ పేలుతోంది కానీ పాట రావట్లేదు’ అనేవాళ్ళే ఎక్కువ. సెటప్‌లో ‘టెస్ట్’ ఉంటే నొక్కి, వినపడ్డాకే సేవ్ చేయండి.

1987 నాటి రోలాండ్ ఎంటీ-32 అనే సంగీత పెట్టెను దృష్టిలో పెట్టుకుని సంగీతం కూర్చిన గేములు కొన్ని ఉన్నాయి. వాటికి జనరల్ మిడి (వాయిద్యాల వరుస వేరుగా ఉండే మరో ప్రమాణం) ఎంచుకుంటే వయొలిన్ రావలసిన చోట గంటలు మోగుతాయి. మొదట సౌండ్ బ్లాస్టర్‌తో ఆడేయండి. ఆ మోజు తర్వాత తీర్చుకోవచ్చు.

*సీడీ.* సీడీలోని ఫైళ్ళన్నీ కాపీ చేసుకున్నా సంగీతం రాకపోవడానికి కారణం ఇది: ఎన్నో గేముల్లో పాటలు ఫైళ్ళుగా ఉండవు, మామూలు ఆడియో సీడీలో లాగా ట్రాకులుగా ఉంటాయి. ఫైళ్ళ కాపీలో అవి రావు, ఐఎస్ఓ ఇమేజ్‌లోనూ (డిస్క్‌లోని డేటాను ఒకే ఫైల్‌గా తీసిన కాపీ) రావు. బిన్, క్యూ అనే జంట ఫైళ్ళుగా ఇమేజ్ తీయాలి. తర్వాత డాస్‌బాక్స్‌లో ‘ఐఎంజీమౌంట్’, డి, క్యూ ఫైల్ చిరునామా, హైఫన్ టి, ఐఎస్ఓ, ఇవన్నీ మధ్యలో ఖాళీలతో కొట్టండి. చివర ఐఎస్ఓ అని రాసినా చూపించేది క్యూ ఫైల్‌నే, తికమకపడకండి.

మీ దగ్గర అసలు ఫ్లాపీలే ఉంటే ముందు రాతకు తాళం వేసే గడిని జరిపి, ఆ తర్వాతే డ్రైవ్‌లో పెట్టండి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ 3.5 అంగుళాలవే చదువుతుంది. చదివిన మొదటిసారే పూర్తి కాపీ తీయండి. రెండోసారి చదువుతుందన్న నమ్మకం లేదు.

5. విండోస్ 95 నుంచి 2000ల తొలినాళ్ళ గేములు

నిజానికి డాస్ గేముల కంటే ఇవే మొండివి. కింది వరుసలోనే ప్రయత్నించండి, ఒకేసారి అన్నీ మార్చకండి. నాలుగు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

మొదట, ఆ గేమ్‌కి వచ్చిన చివరి అధికారిక ప్యాచ్ (తప్పులు సరిచేసే ఫైల్) వేయండి. తర్వాత గేమ్ ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ. అక్కడ విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 పెట్టి చూడండి. 256 రంగుల గేమ్ అయితే రంగులు తగ్గించే గడిలో 8 బిట్ ఎంచుకోండి. నెట్‌వర్క్ ఆట ఉన్న గేమ్ ‘డైరెక్ట్‌ప్లే కావాలి’ అంటే విండోస్ ఫీచర్లు ఆన్, ఆఫ్ చేసే చోట ‘లెగసీ కాంపొనెంట్స్’ కింద దాన్ని టిక్ చేయండి.

అప్పటికీ నల్ల తెరే వస్తుంటే, ఆకాశం గులాబీగానూ నేల ఊదాగానూ కనిపిస్తుంటే, డీజీవూడూ2 వంతు. గేములు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పాత డైరెక్ట్‌ఎక్స్ భాషని, 3డీఎఫ్ఎక్స్ అనే పాత కార్డుల గ్లైడ్ భాషని ఇప్పటి కార్డులకు అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. దాన్ని రాసినవారి సొంత పేజీ నుంచే దించుకోండి. విప్పాక ‘ఎంఎస్’ ఫోల్డర్, దానిలో ‘ఎక్స్86’ ఫోల్డర్ తెరిచి, అక్కడున్న డీఎల్ఎల్ ఫైళ్ళను గేమ్ ఫైల్ పక్కనే పెట్టండి. కంట్రోల్ ప్యానెల్ ప్రోగ్రాంను కూడా అక్కడే పెట్టి తెరవండి.

రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మీది 64 బిట్ కంప్యూటర్ కదా అని ‘ఎక్స్64’ ఫైళ్ళు తీసుకోవడం మొదటిది. చూడాల్సింది గేమ్ ఎన్ని బిట్లదో, అది 32. ఆ ఫైళ్ళను విండోస్ సిస్టమ్ ఫోల్డర్‌లో వేయడం రెండోది. ఆ పని అస్సలు చేయకండి. పనిచేస్తోందా లేదా అన్నది కనిపెట్టడం సులువు: డైరెక్ట్‌ఎక్స్ ట్యాబ్‌లో వాటర్‌మార్క్ టిక్ పెట్టి ఉంచండి. గేమ్ తెర మూలన డీజీవూడూ గుర్తు కనిపిస్తే పనిచేస్తున్నట్టు, ఇక ఆ టిక్ తీసేయొచ్చు. కనిపించకపోతే ఫైళ్ళు తప్పు చోట ఉన్నాయి.

గేమ్ మొదలై కాసేపటికి ఆగిపోతుంటే టాస్క్ మేనేజర్‌లో ‘డీటెయిల్స్’కి వెళ్ళి, గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, ‘సెట్ అఫినిటీ’లో ఒక్క కోర్‌ను (ప్రాసెసర్‌లోని ఒక లెక్కింపు భాగం) మాత్రం ఉంచండి. ఒకే కోర్ ఉన్న కాలంలో రాసిన గేములకు ఇది కొన్నిసార్లు మంత్రంలా పనిచేస్తుంది. 144 హెర్ట్జ్ మానిటర్ ఉంటే 60కి దించండి. గెంతులు, గురుత్వాకర్షణ అన్నీ ఫ్రేముల లెక్కకు కట్టేసిన గేముల్లో మనిషి గోడలోంచి దూరిపోతాడు.

ఒక దారి మాత్రం మూసుకుపోయింది. సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉన్న సీడీలు విండోస్ 10 నుంచి నడవవు. ఆ రక్షణకు కావలసిన డ్రైవర్‌లో భద్రతా లోపం ఉందని 2015లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెట్టేసింది. దాన్ని బలవంతంగా తిరిగి ఎక్కించమని చెప్పే చిట్కాలు నమ్మకండి. తాళం లేని కాపీ మళ్ళీ కొనుక్కోవడమే మేలు, అసలు సీడీ అలమారలో అందంగా ఉంటుంది.

ఏదీ కుదరకపోతే చివరి అస్త్రం పీసీఎం లేదా 86బాక్స్. ఇవి పాత పీసీని చిప్పు చిప్పుగా అనుకరిస్తాయి. వాటిలో విండోస్ 98 మొదటి నుంచి ఎక్కించుకోవాలి. ఒక ఆదివారం మొత్తం పోతుంది, మీ ప్రాసెసర్ కూడా బలంగా ఉండాలి.

6. ఆడటానికి కూర్చునేముందు రెండు పరీక్షలు

బొమ్మ ఆకారం: డాస్ గేములు ఎక్కువగా 320×200 చుక్కలవి. కానీ అప్పటి మానిటర్ 4:3 కాబట్టి ఒక్కో చుక్క కాస్త నిలువుగా సాగి కనిపించేది. ఇప్పటి తెర మీద చుక్కను చతురస్రంగా చూపిస్తే మనుషులంతా పొట్టిగా, బొద్దుగా అవుతారు. గేమ్‌లో చంద్రుడో, చక్రమో, నాణెమో వెతకండి. అది గుండ్రంగా ఉండాలి. అడ్డంగా పడుకున్న కోడిగుడ్డులా ఉంటే డాస్‌బాక్స్ సెట్టింగుల ఫైల్‌లో ‘ఆస్పెక్ట్’ అనే చోట ‘ట్రూ’ అని మార్చండి. తెర రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. వాటిని పోగొట్టాలని బొమ్మను సాగదీయకండి, అవి ఉండాల్సినవే.

సేవ్: ఇది నా సొంత దెబ్బ. పదహారు గంటలు ఆడిన గేమ్ ఒకటి, సేవ్ అవుతూనే ఉందనుకున్నాను. జిప్‌ను విప్పకుండా లోపలి నుంచే తెరవడం వల్ల విండోస్ దాన్ని తాత్కాలిక ఫోల్డర్‌లో నడిపింది. శుభ్రం చేసే ప్రోగ్రాం ఒకరోజు ఆ ఫోల్డర్‌ను ఊడ్చేసింది. అప్పటినుంచి నా నియమం ఇది: మొదటి ఐదు నిమిషాల్లోనే సేవ్ చేసి, గేమ్ పూర్తిగా మూసి, తిరిగి తెరిచి, లోడ్ చేస్తాను. తర్వాత గేమ్ ఫోల్డర్‌లో ఈరోజు తేదీతో కొత్త ఫైల్ పడిందో లేదో కళ్ళతో చూస్తాను. బ్రౌజర్‌లో డాస్ గేములు ఆడించే ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట్ల సేవ్ నిలుస్తుందని ఆశ పెట్టుకోకండి. రుచి చూడటానికి అవి బాగుంటాయి.

పాత సాహస గేముల్లో ఒకే సేవ్ మీద మళ్ళీ మళ్ళీ రాయకండి. మొదటి గంటలో ఒక తాడు తీసుకోవడం మరిచిపోతే ఐదో గంటలో దారి మూసుకుపోయే గేములున్నాయి, అవి ముందుగా చెప్పవు కూడా.

7. పాత తీరులో వచ్చిన కొత్త గేములైతే

షవెల్ నైట్ (2014), అండర్‌టేల్ (2015), సెలెస్ట్ (2018) లాంటివి ఇన్‌స్టాల్ చేస్తే నడిచేస్తాయి. పాత గేముల మొరటుతనం లేకుండా ఆ ఆనందం మాత్రమే కావాలంటే వీటితోనే మొదలుపెట్టమంటాను. ఉచితంగా కావాలంటే 2004 నాటి కేవ్ స్టోరీ ఉంది.

చూసుకోవలసింది చుక్కల పదును ఒక్కటే. సెలెస్ట్ లోపల గీసేది 320×180లో. సరిగ్గా ఆరు రెట్లు చేస్తే 1920×1080. అందుకే ఆ తెర మీద కత్తిలా కనిపిస్తుంది. రెట్ల సంఖ్య పూర్ణాంకం కాకపోతే కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా వచ్చి, మనిషి నడుస్తుంటే ముఖం వణుకుతుంది. సెట్టింగుల్లో ‘ఇంటిజర్ స్కేలింగ్’ ఉంటే పెట్టండి. నొక్కిన క్షణానికి గెంతడం లేదనిపిస్తే గేమ్‌ని తిట్టేముందు టీవీలో ‘గేమ్ మోడ్’ ఆన్ చేయండి.

ఇంకా అడిగేవి

*గేమ్ మధ్యలో ‘మాన్యువల్ 7వ పేజీ, 3వ వరుస, 2వ పదం ఏమిటి?’ అంటోంది.* వైరస్ కాదు, అప్పటి కాపీ రక్షణ. డాస్ ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో మాన్యువల్‌లోని అక్షరం చూసి సరైన సీసా తాగాలి. మాన్యువల్ కావాలన్నది ఇందుకే. డబ్బిచ్చి కొన్న వాటితో పీడీఎఫ్‌గా వస్తుంది.

*యాంటీవైరస్ ఆపితేనే ఇన్‌స్టాల్ అవుతుందని రాసి ఉంది.* ఆ ఫైల్ అక్కడే తుడిచేయండి. డాస్ గేమ్‌కి విండోస్ ఇన్‌స్టాలర్ అవసరమే లేదు. మూడు ఎంబీల గేమ్‌కి అరవై ఎంబీల ‘డౌన్‌లోడర్’ ఇస్తున్నారంటే వాళ్ళు ఇస్తున్నది గేమ్ కాదు.

*ఒకే కీబోర్డ్ మీద ఇద్దరం ఆడుతుంటే ఒకరి కీలు పనిచేయట్లేదు.* మామూలు కీబోర్డులు ఒకేసారి నొక్కిన కొన్ని కీల కలయికల్ని గుర్తించలేవు. గేమ్‌లో కీలు మార్చుకునే వీలు లేకపోతే డాస్‌బాక్స్‌లో కంట్రోల్+ఎఫ్1 నొక్కి, ఒకరి కీలను కంట్రోలర్‌కు కట్టండి.

*అంతా బాగానే ఉంది, మనిషి మాత్రం కదలడు.* నమ్ లాక్ చూడండి. ఎన్నో పాత గేములు కుడివైపు అంకెల కీలతోనే నడక నేర్చుకున్నాయి, నమ్ లాక్ వెలిగి ఉంటే వాటికి నడక రాదు. ఈ ఒక్క కీ తెలియక నేను సెట్టింగులన్నీ తిరగరాసి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.